ఆకుల కింద ముగ్గురు

"ఆర్డిత్, నా పట్టుకారు ఎక్కడే?"

షెడ్డులోంచి మొగుడు రాయిస్ కేక. ఆర్డిత్ పొయ్యి దగ్గర గుడ్లు వేయిస్తోంది. తల తిప్పకుండానే "ట్రాక్టర్ సీటు కింద" అంది. అక్కడే ఉంది. "అమ్మాయ్, నా కళ్ళజోడు?" అని అత్తగారు ఓపల్. "బ్రెడ్డు డబ్బా పక్కన." అక్కడే ఉంది. మిస్సోరి కొండల్లో ఆ ఇంటికి కోడలై వచ్చి ఇరవై రెండేళ్ళు. ఏ వస్తువు ఎక్కడుందో పాపం ఆ వస్తువుక్కూడా తెలీదు గానీ ఆర్డిత్‌కి తెలుసు. పగలు బడి క్యాంటీన్లో మూడొందల మందికి వండి, సాయంత్రం వీళ్ళిద్దరికీ వండి, మధ్యలో ఈ ఎక్కడలకి జవాబులు చెప్పీ చెప్పీ, తనెక్కడుందని ఎవరైనా అడిగితే మాత్రం కాసేపు వెతుక్కోవాల్సి వచ్చేది. ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది.

మే నెల్లో రాయిస్ టమాటా మళ్ళు దున్నుతుంటే మట్టిలోంచి మూడు తాబేలు పిల్లలు పైకొచ్చాయి. చెరువులో ఉండేవి కావు, అడవిలో నేలమీద తిరిగే రకం. పెద్దవైతే పొట్టకింద పలక మడిచి, పెట్టెకి మూతేసినట్టు లోపలికి తలుపేసుకుంటాయి. ఇవి అక్రోటు కాయంతున్నాయి.

"పిల్లల్లేరని ఏడ్చేదానివిగా, ఇదిగో ఒకే కాన్పులో ముగ్గురు" అని ఆమె ఏప్రన్‌లో పోశాడు. రాయిస్ జోకులంతే. వేసినవాడే నవ్వుకోవాలి.

ఆర్డిత్‌కి తాబేళ్ళ గురించి తెలిసింది సున్నా. పాత చేపల తొట్టి కడిగి, గులకరాళ్ళు పోసి, కోడిపిల్లలకి వేలాడదీసే ఎర్ర దీపం వెలిగించి, క్యాంటీన్లో మిగిలిన లెట్యూస్ ఆకులు విందుభోజనంలా పరిచింది. నాలుగు రోజులు ఒక్కటీ ముట్టలేదు. గాజుకి ముక్కానించి గోళ్ళతో గీకడమే పని. ఐదోరోజుకి అన్నిట్లోకీ చిన్నదానికి కళ్ళు వాచి మూసుకుపోయాయి.

బడి బస్సు నడిపే మావిస్‌కి చెబితే పడీపడీ నవ్వింది.

"ఓసి పిచ్చిదానా, వాటిని పెంచుతున్నావా, వేపుడు చేస్తున్నావా?"

"వెచ్చగా ఉంటుందని..."

"కోడిపిల్లలటే అవి? తడి కావాలి. నాచు, రాలిన ఆకులు బెత్తెడు మందం వెయ్యి. నీళ్ళు సీసా మూతలో పొయ్యి, లోతైతే మునిగి చస్తాయి. ఇంత పిల్లలు ఆకులేం తింటాయి, వానపాములు తరిగి పెట్టు. ఆ చిన్నదాన్ని రోజూ గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు కూచోబెట్టు."

"ఆకుల్లో దూరితే నాకు కనపడవు కదా?"

"నీకు కనపడక్కర్లేదు. ఆ పొట్టకింది తలుపు వీటికింకా మూసుకోదు, నాలుగైదేళ్ళు పడుతుంది. దాక్కునే చోటుంటేనే ధైర్యంగా తింటాయి. అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే నువ్వు తింటావా?"

ఆర్డిత్‌కి ఇంటికెళ్ళే దారి పొడుగునా అదే ఆలోచన. ఆ తలుపు పుట్టుకతో రాదన్నమాట, మెల్లిగా పెరుగుతుందన్నమాట. మరి తనకెప్పుడు పెరిగింది? పెళ్ళైన కొత్తలో వాగుడుకాయే. "మీ ఇంట్లో రేడియో అమ్మేసి నిన్ను పెంచారా" అని ఓపల్ అన్న రోజునా? భోజనాల బల్లకి మూడో కుర్చీ కాలు విరిగితే రాయిస్ "తర్వాత చూద్దాంలే, నువ్వెలాగూ నిలబడే తింటావుగా" అన్న రోజునా? ఆ కుర్చీ ఇంకా షెడ్డులోనే ఉంది. ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఏదైనా బాధేసి మాట్లాడకపోతే రాయిస్ వాళ్ళమ్మకి కన్నుగీటి "చూడు, మూతేసుకుంది" అంటాడు. మూత కింద ఏముందో తొంగిచూద్దామని మాత్రం అనుకోలేదు. నిజం చెప్పాలంటే, ఆర్డిత్ కూడా చూసుకోలేదు.

వెనక వరండాలో బట్టలుతికే పాత తొట్టి నిండా ఆకులు నింపింది. మొదటి వానపాముని మూడింట్లో ఒకటి మెడ వంచి, గురిచూసి, ఠక్కున నోరేసి, గురితప్పి నాచుని కరిచింది. ఆర్డిత్ నవ్వింది. తన నవ్వు విని తనే ఉలిక్కిపడింది. ఆ తర్వాత మూడూ తినడం మొదలుపెట్టి, తలో చోటు చూసుకున్నాయి. ఒకటి చెట్టుబెరడు కింద, ఒకటి నీళ్ళమూత పక్కన నాచులో, ఒకటి మూల మట్టిలో ముక్కు మాత్రం బయటపెట్టి. చిన్నదాని కళ్ళు పదోరోజుకి విచ్చుకున్నాయి. ఆ రోజు భోజనం గంట ఆలస్యం.

"వానపాములకి ముందు, మనకి వెనకానా?" అన్నాడు రాయిస్.

"పురుగులమ్మ" అంది ఓపల్. మర్నాడు ఆవిడ కళ్ళజోడు తొట్టి అంచుమీద దొరికింది. ఎందుకక్కడుందో ఆర్డిత్ అడగలేదు.

జులై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య పండక్కి ఊళ్ళో తాబేళ్ళ పందెం. గిరిగీసి మధ్యలో వదిలితే ముందు గీత దాటింది గెలిచినట్టు. ముందురోజు రాయిస్ రొట్టె నములుతూ, "గెలిచిన పిల్లలకి మన మూడూ బహుమతి. కమిటీలో చెప్పేశా. నీ గోళ్ళరంగు ఎక్కడే, వీపుమీద ఒకటి, రెండు, మూడు అని అంకెలేద్దాం" అన్నాడు.

"నన్నడగలేదు" అంది ఆర్డిత్. వారం తిరక్కుండా అవి ఎవరి బూటుపెట్టెలోనో ఎండిపోతాయని తెలుసు.

"తాబేళ్ళక్కూడా నీ సంతకం కావాలా?" అన్నాడు. ఆమె మాట్లాడలేదు. "చూడు, మూతేసుకుంది."

పండగ పొద్దున్నే రాయిస్ అట్టపెట్టె పట్టుకుని వరండాలోకెళ్ళాడు. ఆకులు ఇటు తీశాడు, అటు తీశాడు.

"ఆర్డిత్, ఎక్కడే ఇవి?"

ఆర్డిత్ షెడ్డులోంచి తెచ్చుకున్న కుర్చీలో కూచుని వేడివేడి గుడ్లు తింటోంది. కాలికి తనే మేకు కొట్టుకుంది. "అందులోనే ఉన్నాయి" అంది.

"అందులో ఎక్కడ?"

"నాకు తెలుసు."

రాయిస్ ఆగాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు, తర్వాతి ముక్క వస్తుందని. రాలేదు. "తెలిస్తే చెప్పవేం?"

"చెప్పను. చెయ్యి తియ్యి, అది వాటి ఇల్లు."

"అమ్మా, నువ్వైనా చూడవే."

ఓపల్ వచ్చి, తొట్టి అంచుమీంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, సూటిగా ఆ బెరడు వైపే చూసింది. బెరడు కింద చిన్న ముక్కు. "నాకేం కనపట్టంలేదురా" అంది.

రాయిస్ ఖాళీపెట్టె చంకనెట్టుకుని గేటుదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "నా టోపీ ఎక్కడే?" అని అరిచాడు.

టోపీ నెత్తిమీదే ఉంది. ఆడవాళ్ళిద్దరూ చూశారు. ఆర్డిత్ ఇంకో ముక్క తింది.