ఐదో రోజు చోడికల్లు

నేను ఒక నల్లకుండను. పొట్ట పెద్దది, మెడ పొట్టిది. కుమ్మరి నన్ను ఆవంలో కాల్చి, టంగుమని మీటి చూసి సంతకు తెచ్చాడు. అక్కడ నన్ను కొన్న చిలకమ్మ పదేళ్లు నాలో చోడికల్లు పులియబెట్టింది. చోళ్లంటే మీ రాగులే. తర్వాత పక్కింటి సొంబారికి ఇచ్చేసింది. కల్లు బాగుంటే మనుషులు కల్లునే మెచ్చుకుంటారు, కుండను కాదు. నాకు బాధేమీ లేదు. కొంచెమే ఉంది.

ఆ ఏడే సొంబారి మొగుడు పోయాడు. కొండవాలున చేను ఒక్కతే నాటడం అయ్యే పని కాదు. మా కొండల్లో నాట్లకు ఊళ్లోవాళ్లు, గెడ్డ, అదే వాగు, అవతలివాళ్లు కలిసి సాయం వస్తారు, చేనుగలవాళ్లు అన్నం పెట్టి కల్లు పోయాలి. కల్లు చెడితే మరుసటి ఏడు ఎవరూ రారు, చేను బీడే. "ఒక్కతే ఆడది, ఏటి పోస్తాదిలే" అని ఏటా నాట్లకొచ్చే బొడన్న ముందే నోరు పారేసుకున్నాడు.

సొంబారి మొదటిసారి తన చేత్తో కల్లు పెట్టింది. తీరా నాట్ల ముందురోజు గెడ్డ పొంగి, అవతలి జనం దాటలేకపోయారు. గెడ్డ తగ్గేదాకా కల్లు దాచాలి, విత్తనాలు భద్రంగా ఉండేది పొయ్యి పైనున్న అటక మీదే కదా అని, నా మూతికి అడ్డాకు బిగించి కట్టి అక్కడికే ఎక్కించింది. కింద సెగకు లోపల కల్లు కుతకుతలాడింది. పొద్దున్నే చిలకమ్మ వచ్చి నా పొట్ట తడిమింది.

"ఏటే పిల్లా, అటకెందుకెక్కించినావు?"

"ఇత్తనాలు ఆడే కదత్తా దాత్తాం."

"ఇత్తనానికి సెగ కావాల, దీనికి సల్లదనం కావాల. ఇక్కడుంటే రేపటికే పుల్లనైపోద్ది. సల్లగుంటే అయిదు దినాలు నిలుత్తాది."

ఇద్దరూ నన్ను ఇంటి వెనక ఊట పక్కన, పనసచెట్టు నీడలో, తడి ఇసుకలో మెడదాకా పాతారు. చిలకమ్మ కట్టు వదులు చేసింది. "ఊపిరాడనీ. తాగేనాడే నీళ్లు కలుపు."

నాకు ప్రాణం లేచొచ్చింది. మూడు రోజులు వాన వదల్లేదు. సొంబారి పూటపూటా వచ్చి నా మూతి వాసన చూసి, ముదిరిపోతున్న నారు వైపు చూసి వెళ్లేది. ఆమెను చూస్తే నాకు భయమేసింది.

ఐదో రోజు గెడ్డ తగ్గింది. పాతికమంది వచ్చారు. బొడన్నే ముందు సొరబుర్ర చాపాడు. తాగాడు. అందరూ అతని మొహమే చూస్తున్నారు. మూతి తుడుచుకుని బుర్ర మళ్లీ చాపాడు.

"ఇంకో బుర్రెడు పొయ్యమ్మా."

అది తాగి, తొలి నారుకట్ట తానే పట్టుకుని చేలో దిగాడు. పొద్దు వాలేసరికి చేనంతా నాటారు. సొంబారి ఏడవలేదు. ఖాళీ కుండనైన నన్ను చంకనెత్తుకుని చేను చుట్టూ తిరిగింది. అంత ఊరేగింపు ఏ కుండకూ జరిగి ఉండదు.

ఇప్పుడు నా అడుగు పగిలింది, పెరట్లో నాలో కోడి పొదుగుతోంది. నిన్న ఊట దగ్గర ఇసుకలో పదకొండు కుండల మెడలు లెక్కపెట్టాను. ఆ ఉపాయం తనదేనని బొడన్న చెప్పుకుంటున్నాడు. సొంబారి నవ్వి ఊరుకుంటుంది. ఆమె చేను ఏ ఏడూ బీడు పడలేదు.