మూడో వరుసలో లోటు

నేను ఒక నల్లబల్లను. ఇప్పటి పిల్లలు నన్ను చూస్తే ఎవరో పాత తలుపు ఊడదీసి గోడకు ఆనించారనుకుంటారు. అందులో పెద్ద పొరపాటేమీ లేదు. విజయనగరంలో పడగొట్టిన ఒక మేడ తలుపులే నాకు పూర్వజన్మ. ఆదినారాయణ అనే వడ్రంగి ఆ టేకును చిత్రిక పట్టి, పలకలు జతచేసి, బొగ్గుపొడిలో ఆకుపసరు కలిపి ఒళ్ళంతా రుద్దాడు. తలుపుగా ఉన్నప్పుడు మనుషులు నన్ను తోసుకుని వెళ్ళిపోయేవారు. బల్లనయ్యాక నా ముందు ఆగి ఆలోచించడం మొదలుపెట్టారు. అదొక పదోన్నతి అనుకున్నాను.

మొదట సన్యాసిరావు మాస్టారి ట్యుటోరియల్‌లో ఉన్నాను. పదో తరగతి తప్పిన పిల్లలు అక్కడికి వచ్చేవారు. తప్పును నా మీద రాయడం, గుడ్డతో తుడిచేసి అసలు జరగనే లేదన్నట్టు కూర్చోవడం మనుషుల అలవాటని అక్కడే నేర్చుకున్నాను. లెక్కలు చెప్పడానికి కొత్తగా ఎమ్మెస్సీ ముగించిన సత్యవేణి వచ్చింది. సన్నటి మనిషి, గట్టి చెయ్యి. సుద్దముక్క ఆమె చేతిలో ఎప్పుడూ కీచుమనేది కాదు. ట్యుటోరియల్ మూసేసిన రోజున మాస్టారు, "బల్ల నువ్వు పట్టుకుపోమ్మా వేణీ, నీ రాతకి అలవాటు పడిపోయింది" అన్నారు.

అలా వాళ్ళింటి ముందుగదికి చేరాను. ఆమె భర్త జగన్నాథం తపాలా ఆఫీసులో గుమాస్తా. లెక్కలంటే ఆయనకు బెదురు, ఆమె అంటే గౌరవం. సత్యవేణి అప్పటికే ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. ఇంటికి రాగానే చీర కొంగు దోపుకుని నా ముందు నిలబడేది. అనంత శ్రేణుల గురించి ఎవరో తేల్చకుండా వదిలేసిన ప్రశ్న ఒకటి చదువుకునే రోజుల నుంచీ ఆమెను పట్టుకుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఆమెకు తెలిసేది కాదు. అత్తగారు సూరమ్మ వచ్చి గిన్నె దింపి, "ఈ పిల్లకి బల్లే దేవుడు" అని నవ్వుకునేది.

ఒక వర్షాకాలంలో నిరూపణ పూర్తయిందనుకుంది. అదే సమయంలో వాళ్ళ కాలేజీకి పరీక్షల పని మీద విశాఖపట్నం యూనివర్సిటీ నుంచి భూషణరావు గారనే ప్రొఫెసరు వచ్చారు. సత్యవేణి ధైర్యం చేసి ఆయన్ను ఇంటికి పిలిచింది. కాఫీ చల్లారిపోతున్నా ఆయన ముట్టుకోకుండా నన్నే చూస్తూ కూర్చున్నారు. చివరికి లేచి మూడో వరుస మీద వేలు పెట్టారు.

"ఇక్కడ ముందు కూడి, తర్వాత అవధి, అదే లిమిట్, తీసుకున్నావు. కింద ఆ క్రమం తారుమారు చేశావు. రెండూ ఒకటేనని ఎవరు చెప్పారమ్మా? నూనె రాసుకుని స్నానం చెయ్యడమూ, స్నానం చేసి నూనె రాసుకోవడమూ ఒకటేనా?"

జగన్నాథం నవ్వేశాడు. సత్యవేణి నవ్వలేదు. ఆమె చేతిలో సుద్దముక్క రెండుగా విరిగింది.

"ఇది లోటే," అన్నారు ప్రొఫెసరు. "కానీ ఇలాంటి చోటికి రావడానికే చాలామందికి ఏళ్ళు పడుతుంది. నా దగ్గర పీహెచ్‌డీకి చేరు. ఈ లోటు పూడ్చడమే నీ పని. జూన్‌లో వచ్చెయ్యి."

ఆయన అన్న ఇన్ని మాటల్లో ఆమె చెవికెక్కింది ఒక్క మాటే. లోటు.

సాధారణంగా ఇలాంటి చోట ఇంట్లోవాళ్ళే అడ్డుపడాలి. నేను కూడా అదే ఎదురుచూశాను. కానీ జగన్నాథం విశాఖపట్నానికి బదిలీ దొరుకుతుందేమో కనుక్కొచ్చాడు. సూరమ్మ చంకలో మనవణ్ణి ఎత్తుకుని, "పిల్లాణ్ణి నాకొదిలెయ్యమ్మా. నీ మొగుణ్ణి పెంచిన దాన్ని, వాడి కొడుకుని పెంచలేనా?" అంది. దారి పొడుగునా తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. తలుపుల సంగతి నాకు తెలుసు. తెరిచి ఉన్నంత మాత్రాన అందరూ దాటరు.

రోజూ ఒక్కో కారణం చెప్పింది. పిల్లాడు చిన్నవాడంది. కాలేజీలో పిల్లల పరీక్షలంది. అత్తగారి మోకాళ్ళంది. చివరికి జగన్నాథమే అడిగాడు.

"వేణీ, వెళ్ళాలని లేదా?"

"ఉందండీ."

"మరి?"

"ఇక్కడైతే నేను లెక్కల్లో దిట్టని. అక్కడికి వెళ్ళాక కాదని తేలితే ఇంకేం మిగుల్తుంది?"

ఆయన మంచివాడు, మంచివాళ్ళు బలవంతం చెయ్యరు. ఒక్కోసారి అదీ తప్పేనేమో. ఆమె తడిగుడ్డ తెచ్చి నన్ను పైనుంచి కిందికి తుడిచింది. నేను ఆరాక కూడా మూడో వరుస జాడ లీలగా కనిపించింది. మళ్ళీ తుడిచింది.

తర్వాత ఎన్నో బ్యాచ్‌లు నా ముందు కూర్చుని లేచాయి. ఆమె పాఠం వినడానికి బొబ్బిలి నుంచి కూడా పిల్లలు వచ్చేవారు. ఇంజనీర్లయ్యారు, బ్యాంకు ఆఫీసర్లయ్యారు. "మేడం లేకపోతే మేం లేం" అంటూ శాలువాలు కప్పారు. ఆ ప్రశ్న జోలికి మాత్రం ఆమె పోలేదు. ఎవరైనా పిల్ల పాఠం మధ్యలో "ఈ క్రమం మార్చొచ్చా మేడం?" అని అడిగితే, "సిలబస్‌లో లేదు" అనేది. అంత పెద్ద టీచరు నోట అంత చిన్న మాట!

జుట్టు సగం నెరిశాక, ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లలకు వేరే లెక్క చెబుతూ ఆగిపోయింది. వాళ్ళను పంపేసి నా మీద గబగబా రాసింది. ఒక చిన్న హద్దు ముందే పెట్టుకుంటే చాలు, క్రమం మార్చినా తేడా రాదు. లోటు పూడిపోయింది. మొత్తం నాలుగు పంక్తులు! నేను మురిసిపోయాను. ఆమె మాత్రం కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సాయంత్రం భూషణరావు గారి నంబరు సంపాదించి ఫోన్ చేసింది. ఆయన అప్పటికి రిటైరై చాలాకాలమైంది. గొంతు వణుకుతోంది గానీ జ్ఞాపకం చెక్కు చెదరలేదు. ఫోన్ స్పీకర్లో ఉంది కనుక నేనూ విన్నాను.

"ఆ ఫలితం ఎవరో వేరే దారిలో ఎప్పుడో సాధించేశారమ్మా. నీ దారి పొట్టిది, ముచ్చటగా ఉంది." ఆపైన అన్నారు: "ఆ ఏడు నా దగ్గర ఒక ఖాళీ ఎవరికీ ఇవ్వకుండా ఉంచాను. మనసు మార్చుకుంటావేమోనని. నువ్వు ఉత్తరమ్ముక్కైనా రాయలేదు."

"భయపడ్డానండీ" అంది సత్యవేణి.

"మేమందరం భయపడుతూనే చేశామమ్మా" అన్నారాయన.

ఇద్దరూ రిటైరయ్యాక జగన్నాథం కాగితాలు పట్టుకొచ్చాడు. "పీహెచ్‌డీకి వయసు అడ్డం కాదట వేణీ. నేను తోడొస్తాను, రోజూ రైల్లో వెళ్ళొద్దాం." ఆమె ఆయన చెయ్యి నిమిరింది. "అప్పుడు ఆకలుండేదండీ, భయమూ ఉండేది. ఇప్పుడు భయం పోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆకలి కూడా లేదు."

ఆయన మరి ఆ ఊసెత్తలేదు. మరుసటేడు గుండెపోటుతో పోయారు. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టడానికిచ్చారు. ఆమె అందులోనే మూడో అంతస్తుకి వెళ్ళింది. అక్కడి గోడలు నన్ను మోయలేవన్నారు. అందుకే నేను సెల్లార్‌లో, నీళ్ళ మోటారు పక్కన ఉన్నాను. వాచ్‌మన్ పైడయ్య నా మీద నీళ్ళొచ్చే వేళలు రాస్తాడు. మనుషులు ఇప్పుడే నన్ను ఎక్కువ శ్రద్ధగా చదువుతున్నారు.

సత్యవేణి కూరగాయల సంచితో లిఫ్టు కోసం నిలబడినప్పుడు ఒక్కోసారి ఇటు వస్తుంది. వంకరటింకర అంకెల పక్కన మిగిలిన నల్లటి జాగా కేసి చూస్తుంది. నిన్న కూడా వచ్చింది. చెయ్యి ఎత్తి నన్ను తాకబోయింది. పైడయ్య స్టూలు మీంచి లేచి, సుద్దముక్క అందించబోతూ అడిగాడు.

"ఏటమ్మా, ఏదైనా రాస్తారేటి?"

"ఏం లేదు నాయనా" అంది ఆమె. లిఫ్టు వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయింది.