ఎడమచేతి పని

ముప్పై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్న మనిషిని. కుడిచేతి వేళ్లు మెట్ల మీద, ఎడమచెయ్యి పెట్టె వెనకనున్న గాలితిత్తి మీద. ఆ ఎడమ భుజం ఈ వేసవిలో బిగుసుకుపోయింది. వేళ్లు బాగానే ఆడతాయి గానీ, ఇక తిత్తి కొట్టడం కుదరదని డాక్టరు చెప్పేశాడు. మా ఆయన బుల్లిరాజుగారు పాలకొల్లులో రంగుల కొట్టు నడుపుతారు. “పోన్లే రాజేశ్వరీ, చాలా వాయించావు. విశ్రాంతి తీసుకో” అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ మాట మళ్లీ నా దగ్గర ఎత్తొద్దన్నాను.

ఆశాజ్యోతి అని పద్యనాటకాలు ఆడే అమ్మాయి ఉంది. నేను పద్యాల వరసలు వాయించి, ఇంట్లో కంప్యూటర్లో రికార్డు చేసి పంపితే వింటూ సాధన చేస్తుంది. వచ్చే నెల పోటీలు. “వారంలోగా మీవల్ల కాకపోతే వేరేవాళ్లని చూసుకుంటానండి పిన్నిగారూ” అని ఫోన్లో చెప్పింది. ఆమెను తప్పు పట్టను. కానీ ఆమె వెళ్లిపోతే మిగతావాళ్లూ వెళ్లిపోతారు. అప్పుడు నేను నిజంగానే విశ్రాంతి తీసుకోవాలి.

మర్నాడే మా ఆయన్ని వెంటబెట్టుకుని బస్సెక్కి రాజమండ్రిలో వాయిద్యాల దుకాణానికి వెళ్లాం. తిత్తి అక్కర్లేకుండా కంప్యూటరుకి తగిలించుకుని వాయించే కీబోర్డు కావాలి, పదివేలు దాటకూడదని గుమ్మంలోనే చెప్పేశాను. దుకాణదారు ఉదయభాస్కర్ బల్లంత పొడుగున్నది తెచ్చి ముందు పెట్టాడు.

“అయిదొందల రకాల శబ్దాలండి. తాళాలు, స్పీకర్లు అన్నీ దీంట్లోనే ఉంటాయండి.”

“శబ్దాలు మా కంప్యూటర్లో ఉన్నాయి బాబూ. నాకు మెట్లు చాలు.”

అప్పుడు ముప్పై ఏడు మెట్లున్న చిన్నది తీశాడు. మా ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు. “స్పీకరే లేదు. మోగని పెట్టెకి డబ్బులేంటండీ?”

“ఇక్కడ నొక్కితే కంప్యూటరు మోగుతుందండి. కాకపోతే చిన్నది కదండీ, రెండు చేతులకీ చాలదు” అన్నాడు ఉదయభాస్కర్.

“నేను రెండు చేతులతో వాయించిందెప్పుడు? పెట్టు చూద్దాం” అన్నాను.

దాన్ని తన ల్యాప్‌టాప్‌కి తగిలించి, హార్మోనియం శబ్దం పెట్టి ఇచ్చాడు. తోడి రాగం ఎత్తుకున్నాను. తోడిలో గాంధార స్వరం ఊగాలి. హార్మోనియం మెట్టు ఊగదు, నొక్కితే ఉన్నచోటే ఉంటుంది. అందుకే మా గురువుగారు “అక్కడ వేలెత్తెయ్యమ్మా, పాడేవాళ్లు చూసుకుంటారు” అనేవారు. ముప్పై ఏళ్లుగా ఎత్తేస్తూనే ఉన్నాను.

గాంధారం దగ్గరికి వచ్చేసరికి నా ఎడమచెయ్యి, పాత అలవాటు కదా, తిత్తి కోసం కీబోర్డు వెనక్కి పోయింది. భుజం చురుక్కుమంది. అబ్బా అని చెయ్యి లాక్కునేసరికి బొటనవేలు ఎడమ చివరనున్న చిన్న చక్రం మీద పడింది. స్వరం కిందికి జారింది.

“చెడగొట్టేశానా?”

“లేదండి, అది స్వరాన్ని పైకీ కిందికీ జరిపే చక్రమండి. వదిలేస్తే దానంతటదే మధ్యకొచ్చేస్తుంది.”

నేను గాంధారం నొక్కిపట్టి చక్రాన్ని బొటనవేలితో కదిపాను. మొదటిసారి మేక అరిచినట్టుంది. రెండోసారీ అంతే. మూడోసారి గాంధారం ఊగింది. నా గాంధారం, నా వేళ్ల కింద. ఆ కొట్లోనే కళ్లనీళ్లు వచ్చేశాయి. సిగ్గుపడలేదు, ఇంకోసారి వాయించాను.

“ఇంకా చవకది కూడా ఉందండి. చక్రం ఉండదు, బొత్తాలుంటాయి” అన్నాడు ఉదయభాస్కర్.

బేరం ఆడకుండా కొత్తిమీర కట్ట కూడా కొనని మా ఆయన, “వద్దండి, చక్రం ఉన్నదే కట్టండి” అన్నారు. తర్వాత నావైపు తిరిగి మెల్లగా అడిగారు. “ఆ స్వరం దగ్గరికొచ్చేసరికి నువ్వెప్పుడూ ఆపేసేదానివి కదా?”

నేను వాయిస్తున్నంతసేపూ ఈయన పేపరు చదువుకుంటున్నారనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

“ఆపలేదండీ” అన్నాను. “ఇన్నాళ్లూ ఈ ఎడమచెయ్యి ఖాళీ లేదు.”