ఉసిరికొమ్మకు కట్టిన బరకం

నేను ఒక నీలం బరకాన్ని. టార్పాలిన్ అంటే మీకు తొందరగా తెలుస్తుందేమో. నన్ను నేసి, అంచుల వెంట రింగులు కొట్టి లోకం మీదికి వదిలారు. మొదట ఒక లారీ మీద సిమెంటు బస్తాలు కాపాడాను. తర్వాత ఒక రైతు కళ్లంలో ధాన్యపు రాశి. ఎండ కాసినన్నాళ్లూ నన్ను మూలకి తన్నడం, మబ్బు పట్టగానే "బరకం ఏదీ, బరకం ఏదీ" అని పరుగులు పెట్టడం! మనుషుల సంగతి నాకు అప్పుడే తెలిసింది. చివరికి ఒక కాలనీ సంఘం చేతిలో పడ్డాను. అక్కడే నా ఖర్మ కాలింది.

కిందటేడు కార్తీకమాసం, ఆదివారం. ఊరి బయట మామిడితోటలో వనభోజనాలు. వాయుగుండం ఉంది, వాన తప్పదని ముందురోజు నుంచీ అందరి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. ఎవరు వింటారు? తోట మొత్తానికి ఒకటే ఉసిరిచెట్టు. దాని కిందే పొయ్యి పెట్టారు. చినుకులు మొదలయ్యాక నన్ను తెచ్చి, రెండు మూలలు గుంజలకి, రెండు మూలలు ఉసిరికొమ్మలకి కట్టారు. అదీ వదులుగా! నీళ్లు జారిపోవడానికి వాలు ఉండాలని ఒక్కరికీ తోచలేదు.

వాన పెరిగింది. నా నడుమ నీళ్లు నిండి కడుపులా వేలాడాను. సరిగ్గా నా కింద గారెలు వేగుతున్న నూనె మూకుడు. దాని చుట్టూ, తడవకుండా నిలబడ్డ ఏడుగురు పిల్లలు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

తలెత్తి చూసింది ఆ కాలనీలోనే ఉండే ఈశ్వరి ఒక్కతే. ఆవిడ కూతురు జోషిత ఆ పిల్లల్లోనే ఉంది.

"నర్సింగరావుగారూ, పొయ్యి ఆర్పించండి. ఆ నీళ్లు నూనెలో పడితే పిల్లలు కాలిపోతారు. మోటారు షెడ్డులో వండుకుందాం" అంది.

సంఘం పెద్ద నర్సింగరావు నవ్వాడు. "షెడ్డులో వండితే వనభోజనం ఎలా అవుతుందమ్మా? ఉసిరి కిందే ఉడకాలి."

"ఈశ్వరొదినకి మబ్బు కనిపిస్తే చాలు, తుపానే!" అంది ఒకావిడ. అందరూ పకపకా.

ఈశ్వరి గబగబా పిల్లల దగ్గరికి వెళ్లింది. జోషితని రెక్క పట్టుకుని లాగింది. మిగతా ఆరుగురినీ వీపుల మీద చరుస్తూ వానలోకి తోలింది. "పసివాళ్లని తడిపేస్తోంది, పిచ్చిదా ఏంటి?" అని ఆ పిల్లల తల్లులే తిట్టారు.

వాళ్లు షెడ్డు చేరారో లేదో, నా రింగు తెగింది. బిందెలకొద్దీ నీళ్లు మరిగే నూనెలో పడ్డాయి. మంట ఉసిరికొమ్మల దాకా లేచింది. వంటమనిషి వెనక్కి దూకాడు కాబట్టి మోచేయి ఒక్కటే కాలింది. పిల్లలు నిలబడ్డ చోట గడ్డి నల్లగా మాడింది.

అప్పుడైనా సిగ్గుపడ్డారా? "నాసిరకం బరకం" అని నన్ను తన్నారు. "నోటితో అశుభం పలికావు, అయి కూర్చుంది" అని ఈశ్వరిని ఆడిపోసుకున్నారు. ఏడుగురు పిల్లలు చెక్కుచెదరకుండా ఎదురుగా నిలబడి వణుకుతుండగా!

సగం కాలి, సంఘం ఆఫీసు వెనక విరిగిన కుర్చీల మధ్య పడున్నాను. ఈ ఏడాది కొత్త బరకం కొన్నారు. పొద్దున్నే నా పక్కనుంచే వనభోజనాలకని తోటకి మోసుకెళ్లారు. అపశకునాలు మాట్లాడుతుందని ఈశ్వరిని పిలవలేదట.

ఇవాళా మబ్బు పట్టే ఉంది. మీ పిల్లలు ఆ తోటకి వెళ్లి ఉంటే, నా కథ ఇక్కడే ఆపి లేవండి. వెళ్లి తెచ్చుకోండి.