కారుకి చెప్పిన మాట

మధ్యాహ్నం పూట, కుట్టుమిషన్లు బాగుచేసే తన కొట్లోకి ఎవరూ రాని వేళ, ఆవిడ మొగుడి కారెక్కి ఓ చుట్టు తిరిగొచ్చేది. ఆ కారు మూరెడు పొడవు కూడా ఉండదన్నది వేరే సంగతి. కళ్ళు మూసుకుంటే చాలు, బొటనవేలంత మనిషైపోయి ఆ రిమోటు కారులో కూర్చునేది. అంత కింద నుంచి చూస్తే పందేల మైదానంలో గులకరాళ్ళే గుట్టలు. మలుపు మెల్లగా దగ్గరికొచ్చేది. వెనక చక్రం ఎక్కడ పట్టు వదులుతుందో ఆవిడ నడుముకి తెలిసేది. కళ్ళు తెరిచి, స్క్రూడ్రైవరు అందుకుని, ఆ చక్రం సంగతి చూసేది. కునుకు తీస్తే కారు బాగుపడుతుందంటే ఎవరైనా నమ్ముతారా? ఆయన నమ్మేవాడు. నమ్మి ఊరుకోక, ఈ బుల్లి కార్ల పందేలు ఆడే క్లబ్బులో అందరికీ చెప్పేవాడు కూడా.

ఆయన బోర్డులు రాసే పెయింటరు. పెళ్ళైన కొత్తలో కొన్న మొదటి కారు నుంచీ ఇంట్లో పంపకం ఒకటే. బిగించడం ఆవిడ వంతు, నడపడం ఆయన వంతు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. ఆయన రిమోటు ఆవిడ పట్టుకోవడం చాలా అరుదు. ఆవిడ పనిముట్ల పెట్టె జోలికి ఆయన పోడు, ఎందుకంటే ఒకసారి పోయి చివాట్లు తిన్నాడు.

ఆ ఏడాది పందేలు మొదలైన దగ్గర్నుంచి ఆయనది ఒకటే ఫిర్యాదు. తిన్నటి దారిలో కారు తోక ఊపుతోందట. ఆవిడ వెనక చక్రాలను కాస్త లోపలి వైపు చూసేలా తిప్పింది. స్ప్రింగులు మార్చింది. టైర్లు మార్చింది. కుదుపులు ఆపే షాకుల్లో నూనె తీసేసి చిక్కటి నూనె పోసింది. ఆ నూనెలో చిక్కుకున్న గాలిబుడగలన్నీ పైకి వచ్చేదాకా మూత పెట్టకూడదు. వాటికేమో తొందర లేదు. కిటికీ ఎండలో ఒక్కొక్కటే ఊరేగుతున్నట్టు పైకి వస్తుంటే చూస్తూ చూస్తూ ఆవిడ కొట్టునీ, వీధినీ, పేరుకున్న పనినీ మరిచిపోయేది. చివరి బుడగ పగిలేసరికి పొద్దు వాలేది. అంత చేసినా కారు తోక ఊపుతూనే ఉంది.

విచిత్రమేమంటే, ముక్కు మీద కోపం ఉండే మనిషి ఈసారి ఒక్క మాట విసుక్కోలేదు. "పోనీలే, నిదానంగా చూడు" అన్నాడు. అప్పుడే అనుమానం రావలసింది ఆవిడకు, రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన గోడ రాయడానికి వెళ్ళాక, కొట్టు వెనక సందులో కారు దింపి తనే రిమోటు పట్టుకుంది. రిమోటుకి పక్కన చిన్న చక్రం ఉంటుంది, దాన్ని ఎంత తిప్పితే కారు అంత తిరుగుతుంది. ఆవిడ కదలకుండా పట్టుకుని మీట నొక్కింది. కారు సందు ఈ కొస నుంచి ఆ కొసకి గీత గీసినట్టు పోయింది. మళ్ళీ పంపింది. మళ్ళీ గీతే. తోకా లేదు, ఊపూ లేదు.

ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ జేబులోనే ఎందుకుంటోందో, చిన్న అక్షరాల పనులన్నీ వద్దని పెద్ద గోడలే ఎందుకు ఒప్పుకుంటున్నాడో, నడిచేటప్పుడు ఆవిడకి కుడి పక్కకే ఎందుకు వస్తున్నాడో ఒక్కసారిగా అర్థమైంది. తప్పు చక్రాల్లో లేదు, చేతిలో ఉంది.

చెప్పాలా? నోటిదాకా వచ్చింది. కానీ ఈ మాట బయటపడితే ఆయన కుంచె కింద పెట్టేస్తాడు, రిమోటూ కింద పెట్టేస్తాడు. ఆ రెండూ లేని ఆయన ఎలా ఉంటాడో ఆవిడ ఊహకి అందలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. ఊరుకుని, రిమోటు లోపలి అమరిక మార్చింది. చిన్న చక్రం కాస్త కదిలితే కారుకి వినబడదు, బాగా తిప్పితేనే వినబడుతుంది. ఆయనతో మాత్రం షాకుల్లో కొత్త నూనె పోశానని చెప్పింది. మొగుడితో ఆడిన అబద్ధాల్లో అంత శ్రద్ధగా ఆడింది ఇంకోటి లేదు.

ఆ వారం కారు తిన్నగా పోయింది. జబ్బు కుదిరిందని ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. కుదిరింది కారుకి కదా అనుకుంటూ ఆవిడ చక్రాల దుమ్ము దులిపింది. తరవాతి వారం మళ్ళీ కాస్త తోక కనబడింది. కారుని ఇంకాస్త చెవిటిదాన్ని చేసింది. ఆ పై వారం ఇంకాస్త. ఇప్పుడు కళ్ళు మూసుకుని కారులో కూర్చుంటే మలుపు వచ్చేది, స్టీరింగు తిప్పేది, కారు మాట వినేది కాదు. మెత్తగా, చప్పుడు లేకుండా, దారి వదిలి దూరంగా జారిపోతూనే ఉండేది. డాక్టరు దగ్గరికి పోవలసిన మనిషిని తనే ఆపుతున్నానని ఆ జారుడులో ఆవిడకు తెలిసేది. మెలకువలో తెలియనట్టు నటించేది.

ఆఖరి పందెం రోజు, సాధన వేళ, ఆయన రిమోటు ఆవిడ చేతిలో పెట్టాడు. మలుపులో ముందు టైర్లు ఎలా పట్టుకుంటున్నాయో దగ్గర కూర్చుని చూడాలన్నాడు. ఆవిడ తనకు చేతకాదంది, వేరే ఎవరినైనా అడగమంది. ఆయన వింటేనా. అప్పటికే మలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

దారం ఎక్కించే చేతులు ఆవిడవి, అవసరమైనంతే కదులుతాయి. అంత కదలిక ఆ కారుకి వినబడలేదు. మలుపు దాటి పోయి అంచుకి కొట్టుకుంది. రెండోసారి తెలిసి గట్టిగానే తిప్పింది, అయినా ఆలస్యమైంది. మళ్ళీ అంచుకే.

ఆయన కారు తీసుకుని మెల్లగా నడిచొచ్చాడు. రిమోటు అందుకుని చిన్న చక్రం కాస్త కదిపాడు. ముందు టైర్లు ఉలకలేదు. ఇంకాస్త తిప్పాడు. పలకలేదు. ఇంకా తిప్పితే అప్పుడు తిరిగాయి.

"నా చెయ్యి వణుకుతోందని కారుకి చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?"

"మీరు నాకు చెప్పారా?"

ఇద్దరూ మైదానం అంచున కూలబడ్డారు. ఎండలో దుమ్ము నిదానంగా దిగుతోంది, ఎవరివో కార్లు తుమ్మెదల్లా రొద చేస్తూ తిరుగుతున్నాయి. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దామని ఆవిడ అంది. కుంచె పట్టుకోవద్దంటాడేమోనని ఆయన భయం. నిజానికి ఆవిడ భయమూ అదే, ఆ మాటే పైకి అనేసింది. ఆయన సరే, వెళ్దామన్నాడు.

పందేనికి పిలుపొచ్చింది. రిమోటు అమరిక మునుపటిలా పెట్టేస్తానని ఆవిడ చెయ్యి చాచింది. ఆయన రిమోటు ఇవ్వలేదు. జేబులోంచి కుడిచెయ్యి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ముందు ఇది పట్టుకుని చూడు. ఊహించుకుని ఎన్నాళ్ళని బిగిస్తావు?"

ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది. ఎన్ని నెలలైందో ఆ చెయ్యి అందుకుని. ఆయన్ని కసిరి, ఆ చేతిని కొంగులో దాచెయ్యాలన్నంత ప్రేమ పొంగుకొచ్చింది. అయినా వదలకుండా, తొందరపడకుండా పట్టుకుని చూసింది.

"వణుకు నేననుకున్నదానికంటే ఎక్కువే ఉందండీ" అని చెప్పింది.