అక్క తోలిన జీపు

ఎడారి లోయలో మూడు జీపుల్లో తిరుగుతున్న బంధువులు భోజనానికి ఆగారు. ఈలోగా బావమరిది అందరి తాగేనీళ్లూ తన జీపు రేడియేటర్లో పోసేశాడు.

"ఇప్పుడు పిల్లల నోట్లో ఏం పోస్తావురా?" అంటూ బావ జాకీ రాడ్డుతో కొట్టాడు. బావమరిది చెయ్యి పటుక్కున విరిగింది. బావమరిది రెండో చేత్తో రాయందుకుని బావ మూతి పగలగొట్టాడు. ఇద్దరూ ఇసుకలో దొర్లుతూ గొంతులు పట్టుకున్నారు. ఎంతమంది లాగినా విడిపోలేదు.

బావ పెళ్లాం జీపెక్కి సూటిగా వాళ్ల మీదికే తోలింది. చెరోపక్కకి దూకారు.

"ఎక్కండి. లేదంటే మొగుడూ లేడు, తమ్ముడూ లేడనుకుని పోతా."

వెనక్కి తిరిగొచ్చే దారంతా రాళ్లే. కుదుపు కుదుపుకీ బావమరిది అరుస్తుంటే, బావ తన నోట్లోని రక్తం ఉమ్మేసి, ఆ విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని కదలకుండా పట్టుకున్నాడు.