లచ్చయ్య కాళ్ళ కింది విమానం

మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి ఎనిమిది నెలలైంది. దాని మీద ఒక జానెడు విమానం ఉంది. ఇంకా రంగు లేదు. రంగు తేలేదాకా దాన్ని కదపకూడదు, దుమ్ము దులపకూడదు, దాని దగ్గర తుమ్మకూడదు. మేము నేల మీద కూర్చుని తింటున్నాం.

దాన్ని చేసింది మా ఆయన జయప్రకాశ్. అశ్వారావుపేట పామాయిల్ మిల్లు ల్యాబులో కెమిస్టు. పగలంతా నూనె రంగు చూసే ఉద్యోగం, ఇంటికొస్తే విమానాల రంగు చూసే రోగం. ఇంటర్నెట్‌లో బొమ్మ విమానాలు చేసేవాళ్ళ గుంపు ఒకటుంది. అందులో పుణె ఆయనొకడు, ఎవరు ఏ ఫోటో పెట్టినా రంగులో ఏదో ఒక తప్పు తీస్తాడు. కిందటేడు మా ఆయన విమానం తోక మీద ఎరుపు ఎక్కువైందని అందరి ముందూ తేల్చేశాడు. మా ఆయనకు వారం రోజులు అన్నం సహించలేదు. ఆధారం లేకుండా ఇక చుక్క రంగు కూడా వేయనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. ఆధారమంటే నాకూ గౌరవమే. కానీ ఈసారి ఆయన ఎంచుకున్న విమానానికి ఆధారం దొరకడం గగనమైపోయింది. డెబ్భై ఎనిమిదిలో మా పుట్టిల్లు పెనుబల్లి వరి పొలాలకు దోమ పట్టినప్పుడు, మందు కొట్టడానికి వచ్చిన చిన్న విమానం అది. మిగిలింది ఒక్క నలుపు తెలుపు ఫోటో. అందులో దండలు వేసుకున్న పెద్దమనుషులు పన్నెండు మంది వరసగా నిలబడి విమానాన్ని నిక్షేపంగా దాచేశారు. వాళ్ళ వెనక తోక, దాని పక్కన జి, ఎల్ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కనిపిస్తాయి. వాటి ముందున్నవన్నీ ఒక పెద్దాయన పొట్ట వెనక ఉన్నాయి.

ఇక మిగిలింది కళ్ళారా చూసినవాళ్ళు. మొదటి సాక్షి మా నాన్న చెంచురామయ్య. అప్పటికి ఇరవై రెండేళ్ళవాడు. మందు ఏ వరస మీద పడాలో పైలట్‌కు తెలిసేందుకు పొలం చివర జెండా పట్టుకుని నిలబడ్డది ఆయనే. విమానం ఎంత కిందికి వచ్చిందంటే, ఆ గాలికి తలపాగా ఊడి పక్క మడిలో పడిందట. ఈ కథ చెప్పకుండా మా ఇంట్లో ఏ పెళ్ళీ జరగలేదు. రంగు అడిగితే ఆయన క్షణం కూడా ఆలోచించడు. ముద్దబంతి పసుపు, ఆసాంతం పసుపు.

రెండో సాక్షి లచ్చయ్య. మా పొలం గట్ల మీద తాటిచెట్లు గీసిన మనిషి. పసుపు కాదు, పాలపిట్ట రెక్క విప్పినప్పటి నీలం అన్నాడాయన. అంతటితో ఆగితే బాగుండేది. ఆ విమానం తన కాళ్ళ కింద నుంచి పోయిందని కూడా అన్నాడు. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అందరికన్నా ముందు నవ్వింది మా నాన్నే. గీసిన కల్లు గీసినట్టే తాగేస్తే అట్లాగే కనపడుద్దన్నాడు.

అప్పటి నుంచి ఆయన విమానం లచ్చిగాడైపోయాడు. గేదె ఈనిందన్నా, వాన వచ్చేట్టుందన్నా, "కాళ్ళ కింద నుంచా, పై నుంచా?" అని అడిగేవాళ్ళట. పంచాయతీలో సాక్ష్యం చెప్పబోతే కూర్చోమన్నారట. నాలుగేళ్ళు ఓర్చుకుని, భార్యను తీసుకుని ఆవిడ పుట్టిల్లు దుమ్ముగూడెం వెళ్ళిపోయాడు. మళ్ళీ పెనుబల్లిలో అడుగు పెట్టలేదు. చిన్నప్పుడు ఈ కథ విని నేనూ నవ్వినదాన్నే.

మా ఆయనకు కూడా నవ్వించడానికే చెప్పాను. ఆయన నవ్వలేదు.

"విమానం పోయేటప్పుడు ఆయన ఎక్కడున్నాడు?" అన్నాడు.

"ఎక్కడుంటాడండీ, చెట్టు మీద," అన్నాను. అని, నోరు మూసుకున్నాను. జవాబు ఊరందరికీ తెలుసు. ప్రశ్నే ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారమే బయల్దేరాం. భద్రాచలం వంతెన దాటి, గోదావరి ఒడ్డునే దుమ్ముగూడెం చేరేసరికి పది దాటింది. లచ్చయ్య కోడలు కళావతి వరండాలో కుర్చీలు వేసి టీ ఇచ్చింది. పెనుబల్లి అనగానే లచ్చయ్య ముఖం ముడుచుకుపోయింది. గా ముచ్చటకైతే పోయిరండి బిడ్డా అని లేవబోయాడు. మా ఆయన కదలలేదు. నవ్వడానికి రాలేదనీ, రంగు తెలియక ఎనిమిది నెలలుగా నేల మీద తింటున్నామనీ విన్నవించుకున్నాడు. ఆ చివరి మాటకు లచ్చయ్య జాలిగా నా వైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

తాటిచెట్టు మీద మోకు బిగించుకుని గెల గీస్తుంటే విమానం వచ్చిందట. ఒకసారి కాదు, ఆ పొద్దున ఆరుసార్లు తిరిగింది, ప్రతిసారీ ఎదురుగానే వచ్చింది. రెక్కల మీద ఏవో గీతలు ఉన్నాయి. ఆయనకు చదువు రాదు. ఊరు నమ్మలేదని, ఆ గీతలు మర్చిపోకముందే ఆ ఏటి నవమికి భద్రాచలం వెళ్ళి చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఎదుటివాళ్ళకు చూపించాలి కదా అని, తనకు కనపడింది కనపడినట్టే వాళ్ళ వైపుకు తిప్పి పొడిపించాడు. పంతులు చూసి అది ఏ భాషా కాదన్నాడట. భార్య మాత్రం అది ఇంకో ఆడదాని పేరని చనిపోయేదాకా అనుమానపడిందట. మా ఆయన ఎదురుగా కూర్చుని ఆ ముంజేతిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. నిజంగానే ఏ భాషా కాదు.

సరే, రంగైనా తేల్చుకుందామని పెయింటు షాపువాళ్ళ షేడ్ కార్డు తీశాడు. పెద్దాయనకు చూపు ఆనడం లేదు. నేను కుర్చీ వెనక్కి వెళ్ళి, ఆయన భుజం మీదుగా కార్డు కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాను. ముప్పై నీలాలున్నాయి. లచ్చయ్య చెయ్యి చాపి, తడుముకోకుండా ఒకదాని మీద వేలు పెట్టాడు.

నేను నీలం చూడలేదు. ఆయన వెనక నుంచి చూస్తే ఆ చేతి మీద వి, టి అని ఉంది, మన దేశపు విమానాలన్నిటికీ మొదట ఉండే అక్షరాలు. తరువాత ఒక అడ్డగీత, అలుక్కుపోయిన ఒక అక్షరం, చివర జి, ఎల్. విమానం ఎదురుగా రావడంతో ఆయనకు అన్నీ తలకిందులుగా కనిపించాయి. అట్లాగే పొడిపించుకున్నాడు కాబట్టి చూసినవాళ్ళందరికీ తలకిందులే. తిన్నగా కనిపించేది ఆయన ఒక్కడికే, ఆయనకేమో చదువు రాదు.

మా ఆయన ఫోనులో ఆ పాత ఫోటో తెరిచి ఆ చేతి పక్కన పెట్టాడు. నేను చదివి వినిపించాను. లచ్చయ్య రెండోసారి చదివించుకున్నాడు.

"నా కాళ్ళ కిందికెల్లే పోయింది బిడ్డా," అన్నాడు. అప్పుడు నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది.

వారం తిరిగేసరికి విమానానికి రంగు పడింది. పైన నీలం, పొట్ట కింద పసుపు. ఆ రోజే మా నాన్న వచ్చాడు. నీలం చూసి అల్లుడి మీద ఒంటికాలి మీద లేచాడు. ఆ లచ్చిగాడి మాట నా ఇంట్లోకి ఎట్లా వచ్చిందన్నాడు. ఇల్లు మాది, అయినా ఎవరూ గుర్తు చేయలేదు. పచ్చబొట్టు సంగతి చెబితే, తాగి ఏదో పొడిపించుకుని ఉంటాడన్నాడు. మా ఆయన మామగారి ముందు నోరెత్తడు. ఎత్తాల్సింది నేనే.

"నాన్నా, విమానం నీ తల మీద ఎంత ఎత్తులో పోయింది?"

ఆయన ముఖం వెలిగింది. లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి చూపించాడు. "ఇదిగో, ఇంతే. నా తలపాగా ఎగిరిపోయిందమ్మా."

"గట్టు మీది తాటిచెట్టు ఎంత ఎత్తుంటుంది?"

ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి దించి, అల్లుణ్ణి అడక్కుండానే విమానాన్ని తీసుకున్నాడు. మా ఆయన ఊపిరి బిగపట్టాడు. నాన్న దాన్ని తల మీదికి ఎత్తి కింద నుంచి చూశాడు. తరువాత నేల మీద పెట్టి, నిలబడి పై నుంచి చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి, లచ్చయ్య ఎక్కడుంటున్నాడమ్మా అని అడిగాడు. ఆయన నోట లచ్చిగాడు కాకుండా లచ్చయ్య రావడం నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు నాన్న దుమ్ముగూడెం దాకా కారు ముందు సీటులో విమానాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వరండా ముందు చెప్పులు విడిచి, దాన్ని లచ్చయ్య చేతుల్లో పెట్టాడు. ఇరుగుపొరుగు నలుగురైదుగురు పోగయ్యారు.

"నువ్వు చెప్పింది నిజం లచ్చయ్యా. నేను చూసింది పొట్టే. నవ్వినందుకు తప్పు నాదే," అన్నాడు. మా నాన్న తప్పు ఒప్పుకోవడం నేను పుట్టాక చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

లచ్చయ్య నీలం రెక్క మీద మెల్లగా వేలు రాశాడు. పొంగిపోతాడనుకున్నాను. పొంగలేదు.

"గీ మాట ఈడ అంటే ఏం లాభం అయ్యా? ఈ ఊళ్ళె నన్నెవ్వరూ అబద్ధాలోడు అనలే. పెనుబల్లిల అనుర్రి."

నాన్న వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"అప్పుడు నవ్వినవాళ్ళలో సగం మంది పోయారు కదయ్యా. ఎవరికని చెప్పేది?"

"ఉన్నోళ్ళకు చెప్పుర్రి. పోయినోళ్ళకు, మనం పోయినంక ఇద్దరం కలిసి చెప్దాం," అన్నాడు లచ్చయ్య.

నాన్న ముందు నవ్వాడు, తరువాత తుండుతో ముఖం తుడుచుకున్నాడు. కళావతి లోపలికి వెళ్ళి మామగారి ఉతికిన చొక్కా తెచ్చింది. నాన్న కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. లచ్చయ్య విమానంతో అక్కడ కూర్చున్నాక, తాను వచ్చి వెనక నా పక్కన సర్దుకున్నాడు.